శ్రీహరికోట ప్రయోగ వేదిక – అచ్చటి పరిభాష

శ్రీహరికోటనుండి రాకెట్టును ప్రయోగించు దినమున ఆకాశవాణియు, దూరదర్శనమును, చేతిలోని ఫోనును ఒకే మాటలను పలుకుచుండును. కౌంట్‌డౌన్ ఆరంభమైనదనియు, హోల్డు విధించిరనియు, లాంచ్ విండో ఇంతసేపే యున్నదనియు, లిఫ్ట్ ఆఫ్ నార్మల్ అనియు వినుచుందుము. చాలమంది ఈ మాటలను మేళతాళములవలె విని యూరకుందురు. అర్థమడిగిన పిల్లలకు విడమరచి చెప్పువారు గ్రామమున తఱచుగా కానరారు.

అర్థము తెలియకుండుటవలన కలుగు చిక్కునకు ఒక్క యుదాహరణము చాలును. 2019 జూలై 15వ తేది తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషములకు చంద్రయాన్-2 బయలుదేరవలసియుండెను. దేశమంతయు మేలుకొని చూచుచుండగా, ఇంక 56 నిమిషముల 24 సెకనులు మిగిలియున్నవనగా లెక్కింపును ఆపివేసిరి. తెల్లవారిన పిదప టీ దుకాణములకడ వినవచ్చిన మాట "రాకెట్టు ఫెయిలైనది" అని. వారము తిరుగగనే, జూలై 22వ తేది మధ్యాహ్నము 2 గంటల 43 నిమిషములకు, ఆ రాకెట్టే ఆ నౌకను మోసికొని నిర్విఘ్నముగా ఎగసినది.

చెడుట వేఱు, ఆగుట వేఱు, మఱియొక దినమునకు జరుపుట వేఱు. ఈ మూడింటి భేదము శాస్త్రజ్ఞులకు మాత్రమే కావలసినదని తలంపరాదు. పిఠాపురమునకు చేరువనున్న ఉప్పాడ తీరమునుండి వేటకు పోవు మరపడవ సరంగునకును, ఆ తీరగ్రామముల పంచాయతీ సభ్యులకును గూడ అది కావలసినదే. ఎట్లు కావలసినదో ముందు చెప్పగలము. మొదట ఆ వేదిక యెట్టిదో, అది యచ్చటనే యేల వెలసినదో చూతము.

శ్రీహరికోట మన ప్రాంతమువారికి బొత్తిగా పరాయి చోటు కాదు. పూర్వము కాకినాడలో బయలుదేరిన పడవ కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువల మీదుగా బకింగుహాము కాలువలో ప్రవేశించి మద్రాసు చేరుటకు వీలుండెడిది. ఆ బకింగుహాము కాలువ దారిలోనే, పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ, సూళ్ళూరుపేట సమీపమున ఈ దీవి యున్నది. ఇచ్చటి అడవిలోని వంటచెఱకు ఆ కాలువపైననే మద్రాసునకు పోయెడిది. దీవిలో యానాదులు నివసించెడివారు. కేంద్రము కొఱకు భూమిని సేకరించినప్పుడు వారు తమ నెలవులను వదలిపోవలసివచ్చెను. దేశమునకు కలిగిన మేలును చెప్పునప్పుడు ఈ సంగతిని గూడ చెప్పుట న్యాయమని మా యభిప్రాయము.

1969లో ఈ దీవిని ఎన్నుకొనుటకు కారణములు ముఖ్యముగా రెండు. మొదటిది తూర్పున సముద్రము. రాకెట్టు దశలు దశలుగా నిర్మింపబడును. ఒక్కొక్క దశ తన యింధనము కాలిపోగానే విడివడి క్రింద పడును. అది గ్రామములపై పడరాదు, నీటిపై పడవలయును. రెండవది భూభ్రమణము. భూమి పడమటనుండి తూర్పునకు తిరుగుచున్నది; శ్రీహరికోట యున్న అక్షాంశమున నేలయొక్క వేగము గంటకు సుమారు 1,600 కిలోమీటర్లు. తూర్పుగా ఎగయు రాకెట్టునకు ఈ వేగము ఉచితముగా లభించును. గోదావరిలో ప్రవాహపు వాలున పడవను నడపువాడు తెడ్డు తక్కువ వేయును గదా! అటులనే యిచ్చటను ఇంధనము మిగులును. ధ్రువముల మీదుగా తిరుగు ఉపగ్రహములను మాత్రము దక్షిణమునకు పంపవలయును. ఆ దారిలో శ్రీలంక అడ్డమున్నందున రాకెట్టు వంపు తిరిగి పోవుచున్నది. ఆ వంపునకు ఇంధనము అదనముగా వెచ్చమగును. తమిళనాడులోని కులశేఖరపట్టణమున చిన్న రాకెట్టుల కొఱకు మఱియొక కేంద్రమునకు 2024 ఫిబ్రవరి 28వ తేదిన శంకుస్థాపనము చేసినది ఇందుకే.

శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9వ తేదిన రోహిణి-125 అను చిన్న రాకెట్టుతో ప్రయోగములు మొదలైనవి. 1980 జూలై 18వ తేదిన ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. 2002లో ఈ కేంద్రమునకు సతీష్ ధావన్ గారి పేరు పెట్టిరి. 2025 జనవరి 29వ తేదిన ఇచ్చటినుండి నూఱవ ప్రయోగము జరిగినది.

వేదిక యనగానే గచ్చుచేసిన అరుగు మనస్సునకు తోచును. అది అరుగు మాత్రమే కాదు. మనుష్యులు, యంత్రములు, విషవాయువులు, అగ్ని – వీనిని వేఱువేఱుగా నుంచుటకు కట్టిన కట్టడమది. రాకెట్టు నిలుచు పీఠము క్రింద జ్వాలను ప్రక్కకు మరల్చు పెద్ద సొరంగము వంటి దారి యుండును. అది లేకున్నచో రాకెట్టు విడిచిన నిప్పు నేలను తాకి యెగసి మరల రాకెట్టునే కాల్చును. పిడుగులను తమవైపునకు లాగికొనుటకు చుట్టును ఎత్తైన స్తంభములు నిలిపియుందురు. రాకెట్టు ప్రక్కనే యొక గోపురము నిలిచియుండును. దానినుండి గొట్టములు, తీగలు రాకెట్టునకు తగిలింపబడియుండును. ఇంధనము, విద్యుత్తు, చల్లని గాలి, సమాచారము – అన్నియు ఈ దారినే లోనికి పోవును. ఇంజనీర్లు దీనికి పెట్టుకొన్న పేరు బొడ్డుతాడు గోపురము అని యర్థమిచ్చు ఆంగ్లపదము. ఎంత చక్కని పేరు! బిడ్డ భూమిమీద పడు క్షణమున తాడు తెగినట్లే, రాకెట్టు లేచు క్షణమున ఈ బంధములన్నియు ఊడిపోవును. అటుపిమ్మట దాని బ్రదుకు దానిదే.

శ్రీహరికోటలో పెద్ద రాకెట్టులకు రెండు వేదికలు కలవు. మొదటిదానిలో రాకెట్టును పీఠముమీదనే దశ మీద దశగా పేర్చెడివారు. చుట్టును కప్పియుండు గోపురము చక్రములపై పట్టాలమీద వెనుకకు జరుగును. 1993లో మొదటి పి.ఎస్.ఎల్.వి. ఈ వేదికనుండియే ఎగసినది. రెండవ వేదికయొక్క పద్ధతి వేఱు. ఒక కిలోమీటరు దూరమున నున్న ఎత్తైన భవనములో రాకెట్టును నిలువుగా కూర్చి, పీఠముతో సహా పట్టాలపై మెల్లగా వేదికకు తెత్తురు. కుక్కుటేశ్వరస్వామివారి రథోత్సవమును చూచినవారికి ఈ దృశ్యము వేఱుగా వర్ణింప నక్కఱలేదు. రాకెట్టు నిలువు సుమారు 44 మీటర్లు, ఎల్.వి.ఎమ్.-3 అను పెద్దదాని బరువు సుమారు 640 టన్నులు. ఈ రెండవ వేదిక 2005 మే 5వ తేదిన మొదట ఉపయోగపడినది. మూడవ వేదికను సుమారు 3,985 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించుటకు 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది.

వేదిక యెంత ప్రమాదస్థలమో బ్రెజిలు దేశపు అనుభవము తెలుపుచున్నది. 2003 ఆగస్టు 22వ తేదిన ఆల్కాంటరా కేంద్రములో, ప్రయోగమునకు ఇంక మూడుదినములుండగానే, రాకెట్టు మోటారు ఒకటి అకస్మాత్తుగా అంటుకొనెను. వేదికవద్ద పనిచేయుచున్న 21 మంది మరణించిరి. అందుచేతనే వేదికవద్ద ఎవరు ఏ మాట పలికినను దానికొక్కటే యర్థముండవలయునను నియమమేర్పడినది. ఇంటిలో "కొంచెమాగు" అన్నచో వినువాడు తనకు తోచినంతసేపు ఆగును. వేదికవద్ద అట్లు చెల్లదు.

ఇంక మాటలకు వత్తము. మొదట మన తెలుగుమాటనే పరిశీలింతము. రాకెట్టును పంపుటను ప్రయోగమనుచున్నాము. బాణమును, అస్త్రమును వదలుటకు వాడిన మాట యిది. శాస్త్రపాఠములో పరీక్షకును ఇదే మాట. ఒకే మాటకు రెండర్థము లుండుటచేత, "ప్రయోగము" అనగానే అది తేలునో మునుగునో తెలియని పరీక్షయని వినువారికి తోచును. పత్రికలవారు వ్రాయు "ప్రయోగము ఆగినది" అను వాక్యము అందుచేతనే "పరీక్ష చెడినది" అని చెవిలో పడుచున్నది. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపురము సంస్థానాధీశులైన సూర్యారావు బహద్దరువారి పోషణమున వెలసినది. మాటకు మాటకు గల భేదమును గుర్తించుటకు ధనము వెచ్చించిన ఊరివారికి ఈ చిన్న భేదము కష్టముగా నుండదు.

కౌంట్‌డౌన్ అనగా వెనుకకు లెక్కించుట. పది, తొమ్మిది, ఎనిమిది అని సున్నకు దిగుట. 1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన చంద్రయాత్ర చలనచిత్రములో ప్రేక్షకుల ఉత్కంఠ కొఱకు ఇట్లు లెక్కించిరి. పిమ్మట నిజమైన రాకెట్టులవారును ఆ పద్ధతిని అనుసరించిరి. కాని దూరదర్శనములో వినబడు ఆ తుది పది అంకెలు లెక్కింపులో తోకవంటివి మాత్రమే. పి.ఎస్.ఎల్.వి.కి లెక్కింపు ఒక దినమునకు పైగా సాగును. 2025 జనవరి నాటి జి.ఎస్.ఎల్.వి.కి ఇరువదియేడున్నర గంటలు సాగినది. ఆ గంటలలో ద్రవ ఇంధనములను నింపుట, వాయువుల ఒత్తిడిని సరిచూచుట, బ్యాటరీలను సిద్ధపఱచుట, రేడియో సంబంధములను పరీక్షించుట, గాలివేగమును కొలుచుట – ఈ పనులకన్నిటికిని వరుస యున్నది. పని ముగిసినదను జవాబు రానిదే తరువాతి పని మొదలుకాదు. పెండ్లివారి యింట వంటవాడు, మేళగాడు, పురోహితుడు ఎవరి లెక్క వారు వేసికొందురు. తుదకు ముహూర్తమునకు ఏదో యొకటి తక్కువయగును. కౌంట్‌డౌన్ అనగా అందఱికిని ఒకే గడియారమును పెట్టుట.

అంకెలను వెనుకకు లెక్కించుటలో నొక సౌకర్యము కలదు. గోడగడియారము ఎవరికొఱకును ఆగదు. లెక్కింపు గడియారమును ఆపవచ్చును. ఆపినప్పుడు "ఇంక ఎంత పని మిగిలియున్నది" అను లెక్క చెడదు. ఆగినచోటినుండి మరల సాగింపవచ్చును, లేక వెనుకటి గుర్తుకు త్రిప్పవచ్చును. ఇట్లు ఆపుటయే హోల్డు. దీనిని మనము నిలుపుదల యనవచ్చును. కొన్ని నిలుపుదలలను ముందే లెక్కలో చేర్చియుందురు. పని వెనుకబడినచో సరిచేసికొనుటకు. మిగిలినవి లోపము కనబడినప్పుడు విధించునవి.

2016 సెప్టెంబరు 8వ తేదిన ఇన్సాట్-3డిఆర్ అను వాతావరణ ఉపగ్రహము బయలుదేరవలసిన వేళ ఒక కవాటముయొక్క నడత సరిగా కానరాలేదు. 40 నిమిషములు నిలిపి, సరిచూచి, సాయంకాలము 4 గంటల 50 నిమిషములకు పంపిరి. అది నిర్విఘ్నముగా కక్ష్యకు చేరినది. 2023 అక్టోబరు 21వ తేదిన గగనయానమునకు సంబంధించిన పరీక్షా ప్రయోగములో లెక్కింపు ఇంక అయిదు సెకనులనగా గణకయంత్రము తనంతట తానే నిలుపుదల విధించినది. అంతకుముందే వాతావరణము బాగులేనందున 8 గంటల ముహూర్తము 8 గంటల 45 నిమిషములకు జరిగియుండెను. కారణమును కనుగొని, సరిచేసి, ఆ దినముననే ఉదయము 10 గంటలకు ప్రయోగించిరి. వ్యోమగాములు కూర్చుండు పెట్టెవంటి భాగము పారాచూటులతో తీరమునకు సుమారు పది కిలోమీటర్ల దూరమున సముద్రములో దిగినది. నౌకాదళమువారు దానిని ఒడ్డునకు చేర్చిరి. ఈ పది గంటల సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. సముద్రపు నోటీసుల వద్ద మరల ప్రస్తావింతుము.

నిలుపుదల ఆనాటికి తీరనిదైనచో ప్రయోగమును మఱియొక దినమునకు మార్చుదురు. ఆంగ్లములో దీనికి స్క్రబ్ అనుచున్నారు. పలకపై వ్రాసినది తుడిచివేయుట వంటి యర్థము. మనకు వాయిదా అను మాట యున్నది. కోర్టుపక్షులైన వారికి అది చిరపరిచితము. 2001 మార్చి 28వ తేదిన మొట్టమొదటి జి.ఎస్.ఎల్.వి. ఎగయుటకు ఒక్క సెకను మాత్రము మిగిలియుండెను. ప్రక్కనున్న నాలుగు ద్రవ ఇంధన ఇంజనులు అప్పటికే మండుచున్నవి. వానిలో ఒకటి కావలసినంత బలమును చూపలేదని గణకయంత్రము కనిపెట్టి అన్నిటిని ఆర్పివేసినది. రాకెట్టు పీఠముమీదనే నిలిచిపోయెను.

ఇచ్చట ద్రవ, ఘన ఇంధనముల భేదమును తెలిసికొనవలయును. ద్రవ ఇంజను కిరోసిను స్టౌవు వంటిది, త్రిప్పినచో ఆరును. ఘన ఇంధన మోటారు తారాజువ్వ వంటిది. అంటుకొన్న తరువాత బ్రహ్మయైనను ఆర్పలేడు. ఆ రాకెట్టులో ముందు ద్రవ ఇంజనులను వెలిగించి, అవి బాగుగా నున్నవని రూఢియైన పిమ్మటనే నడుమనున్న ఘన మోటారును వెలిగించు ఏర్పాటున్నది. ఆ కొద్ది సెకనుల వ్యవధియే రాకెట్టును కాపాడినది. మూడు వారములకు, ఏప్రిలు 18వ తేదిన, అది సుఖముగా ఎగసినది. 2013 ఆగస్టు 19వ తేదిన జి.ఎస్.ఎల్.వి.-డి5 విషయములోను ఇట్లే జరిగినది. రెండవ దశలో ఇంధనము కారుచున్నట్లు 74 నిమిషములు ముందుగా కనుగొని వాయిదా వేసిరి. 2014 జనవరి 5వ తేదిన ఎగసి, మన దేశమున తయారైన క్రయోజనిక్ ఇంజనుతో మొదటి విజయమును సాధించినది. క్రయోజనిక్ అనగా మిక్కిలి చల్లార్చి ద్రవముగా మార్చిన వాయువులతో నడచునది.

నిలుపుదలను లెక్కచేయక పోయినచో నేమగునో గూడ శ్రీహరికోట చరిత్రలో కలదు. 1979 ఆగస్టు 10వ తేదిన ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగమునకు అబ్దుల్ కలాం గారు నాయకులు. లెక్కింపు తుదిభాగమున గణకయంత్రము వలదని నిలిపినదనియు, నిపుణుల సలహాపై తాము దానిని త్రోసిరాజని ప్రయోగించితిమనియు వారే పిమ్మట పెక్కు సభలలో చెప్పియున్నారు. రెండవ దశను త్రిప్పు నియంత్రణ వ్యవస్థలో ద్రవము కారిపోవుటచే రాకెట్టు అదుపు తప్పి బంగాళాఖాతములో పడినది. పత్రికలవారిని ఆనాడు ఎదుర్కొన్నది సంస్థకు అధ్యక్షులైన సతీష్ ధావన్ గారు. మరుసటి యేడు విజయము లభించినప్పుడు మాత్రము పత్రికలవారియెదుటకు కలాం గారినే పంపిరి. ఇది అనేకులు చెప్పుకొను కథయే యైనను, గ్రామకార్యములలో నింద యెవరిది, ప్రశంస యెవరిదని తగవుపడు మనవారు వినదగినది.

లాంచ్ విండో అనగా రాకెట్టు ఎగయుటకు అనువైన కాలవ్యవధి. దీనిని ముహూర్తమనుట తప్పు కాదు గాని, పంచాంగములోని ముహూర్తము వంటిది కాదు. ఆటుపోటులను కనిపెట్టి మొగనుండి పడవను దాటించువాని వేళ వంటిదని చెప్పిన సరిగా నుండును. చంద్రుని చేరవలసిన నౌక, తాను చేరునాటికి చంద్రుడు ఎచ్చట నుండునో లెక్కించి బయలుదేరవలయును. పొలములను, చెఱువులను ఫోటోలు తీయు ఉపగ్రహము ఏ చోటికి వచ్చినను అచ్చటి స్థానికకాలము ఇంచుమించు ఒకటిగానే యుండునట్లు కక్ష్యను ఏర్పఱచుదురు. నీడలు ఒకే తీరున పడినగాని నిరుటి ఫోటోను నేటిదానితో పోల్చుటకు వీలుకాదు. భూమి తిరుగుచున్నందున ఆ కక్ష్య శ్రీహరికోటకు తిన్నగా వచ్చు సమయము కొద్దిగానే యుండును. ఆ వేళ దాటినచో లోపము సవరించినను మరునాటివఱకో, ఇంకను పైగానో ఆగవలసినదే. శాస్త్రజ్ఞులకు నమ్మకములు లేవనుటయు నిజము కాదు. ప్రయోగమునకు ముందు సూళ్ళూరుపేట చెంగాళమ్మను దర్శించు ఆచారము కలదు, పి.ఎస్.ఎల్.వి. వరుస సంఖ్యలలో 12 తరువాత 14 వచ్చినది, 13 లేదు. ఐనను అంగారకునికి పంపిన నౌక 2013 నవంబరు 5వ తేదిన, మంగళవారమునాడే బయలుదేరినది. కక్ష్యాగణితము చూపిన దినము అది.

రాకెట్టు పీఠమును వీడుట లిఫ్ట్ ఆఫ్. అటుపిమ్మట వినబడు మాట నార్మల్ అని. ఇది సంతోషవచనము కాదు. ఒత్తిడి, వేగము, దారి మున్ను గీచిన గీతపైననే యున్నవని తెలుపు కొలతమాట. కక్ష్య చేరు వేళకు రాకెట్టు వేగము సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా నుండును. పిఠాపురమునుండి కాకినాడకు రెండు మూడు సెకనులలో పోవు వేగమది. ఈ వేగమున గీతను తప్పినదానిని మరల మరలించుట కష్టము. తీరప్రాంతమువైపు మరలు ప్రమాదమున్నచో దానిని ఆకాశముననే పేల్చివేయుటకు భద్రతాధికారికి హక్కు కలదు. 2010 డిసెంబరు 25వ తేదిన జి.ఎస్.ఎల్.వి.ని ఇట్లు సముద్రముపైననే పేల్చివేసిరి. అది వైఫల్యమే. 2025 మే 18వ తేదిన పి.ఎస్.ఎల్.వి. మూడవ దశ సరిగా పనిచేయక ఉపగ్రహము కక్ష్యకు చేరకపోవుటయు వైఫల్యమే. ఇట్టి సమయములలో ప్రకటనలలో అనామలీ యను మెత్తని మాటను వాడుచున్నారు. నడత తప్పినదని దాని యర్థము. పనివారు తమలో తాము వాడుకొనుటకు అది మంచిమాటయే. ప్రజలకు చెప్పునప్పుడు వైఫల్యమును వైఫల్యమనియే చెప్పుట మేలు. అట్లు చెప్పినప్పుడే "ఇది నిలుపుదల మాత్రమే" అన్న మాటను గూడ ప్రజలు నమ్ముదురు.

ఇప్పుడు సముద్రము సంగతి. ప్రతి ప్రయోగమునకు ముందు, దశలు పడు సముద్రభాగములను గుర్తించి ఓడలకును విమానములకును హెచ్చరికలు పంపుదురు. తీరమునకు సమీపమున నున్న భాగములలోనికి పడవలు రాకుండ మత్స్యకార గ్రామములకు తెలియజేయుదురు. ఈ భాగములు సాధారణముగా శ్రీహరికోటకు తూర్పునను, దక్షిణమునను ఉండును. ఉప్పాడకును శ్రీహరికోటకును నడుమ నాలుగువందల కిలోమీటర్లకు పైగా దూరము కలదు. తీరముకడ వలలు వేయువారికి భయము లేదు. దక్షిణముగా దూరపు వేటకు పోవు మరపడవలకు మాత్రము ఈ నోటీసు వర్తించును.

చిక్కు ఎచ్చట వచ్చుననగా, నిలుపుదలయందు. 2023 అక్టోబరు 21నాటి సంగతినే తీసికొందము. ఎనిమిదిముప్పాతికకు రాకెట్టు లేవలేదు. ఫోనులో ఆ మాట విన్న సరంగు "ఫెయిలైనది, పోదము పదండు" అని ఇంజను వేసినచో, పది గంటలకు సరిగా ఆ భాగముననే యుండును. నోటీసులో వ్రాసినది వ్యవధి. ఒక గంట కాదు. ఆ వ్యవధి ముగియువఱకు, లేక రద్దుచేసినట్లు కబురు వచ్చువఱకు, నిలిచిన రాకెట్టును ఎగయనున్న రాకెట్టుగానే యెంచవలయును. వాయిదా పడినచో పాత నోటీసు చెల్లదు, క్రొత్త తేదితో మరల నోటీసు వచ్చును. పాతదానిని పంచాయతీ పలకపైనుండి తీసివేయుట మఱువరాదు.

మాటల వరుసను గుర్తెఱుగు ఈ యలవాటు తుపానువేళను పనికివచ్చును. నలువది నిమిషములు నిలిచి పోయిన ఇన్సాట్-3డిఆర్, 2024 ఫిబ్రవరి 17వ తేదిన అదే వేదికలనుండి పోయిన ఇన్సాట్-3డిఎస్ – రెండును బంగాళాఖాతముపై మబ్బులను కనిపెట్టుటకు పంపినవే. వాతావరణశాఖవారి తుపాను ప్రకటనలకు నాలుగు మెట్లు కలవు: సుమారు 72 గంటలు ముందుగా తొలి సూచన, 48 గంటలు ముందుగా అప్రమత్తత, 24 గంటలు ముందుగా హెచ్చరిక, 12 గంటలు ముందుగా తుపాను తీరము దాటిన పిదప లోనాడులో నేమగునో తెలుపు ప్రకటన. ఇదియు వెనుకకు లెక్కించుటయే. 1996 నవంబరు 6వ తేదిన కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో సముద్రముపై నున్న మత్స్యకారులు వందలుగా తిరిగిరాలేదు. ఆ యేడు జన్మించిన పిల్లలు నేడు సరంగులైయున్నారు. అప్రమత్తత యన్నను హెచ్చరిక యన్నను ఒకటేయని పలుకు పంచాయతీ సభ్యుడు, వల తీసికొని రావలసిన ఇరువదినాలుగు గంటలను పోగొట్టువాడగును.

ఒడ్డునకు కొట్టుకొనివచ్చు వస్తువులను గూర్చి కూడ చెప్పవలయును. రాకెట్టు దశలు సముద్రములో పడినను కొన్ని తేలుచు దూరదేశములకు పోవును. 2023 జూలైలో ఆస్ట్రేలియా పశ్చిమతీరమున గ్రీన్ హెడ్ వద్ద మనిషియెత్తు లోహపు పీపా వంటిదొకటి దొరికినది, అది పి.ఎస్.ఎల్.వి. మూడవ దశయై యుండునని ఆ దేశపు అంతరిక్ష సంస్థ తేల్చినది. అట్టిది ఏదైన మన తీరమున కానవచ్చినచో పాతయినుముగా తూకమునకు అమ్మజూపరాదు. లోపల మండని ఇంధనమో, విషద్రవమో, పేలు పదార్థమో మిగిలియుండవచ్చును. పిల్లలను దగ్గఱకు పోనీయక, కాపలా యుంచి, తహశీలుదారు కచ్చేరికిని పోలీసువారికిని తెలియజేయవలయును. సముద్రముపై కనబడినచో తీరరక్షకదళమువారి 1554 నంబరునకు ఫోను చేయవచ్చును.

పాఠశాల పిల్లలను తీసికొని ప్రయోగమును స్వయముగా చూడగోరు పంచాయతీలకు 2019నుండి శ్రీహరికోటలో వీక్షణశాల యున్నది. ముందుగా పేర్లు నమోదు చేసికొనవలయును. వాయిదా పడినచో తిరుగుప్రయాణపు ఖర్చు మీదేనని గూడ గుర్తుంచుకొనుడు.

తుదకు టముకు మాట. నోటీసు వచ్చినప్పుడు దానిని ఉన్నదున్నట్లు చదువుటకు టముకు వేయువానికి కష్టముగా నుండును. రేవులోని వారికి ఈ క్రింది విధముగ చెప్పించినచో చాలును:

"ఫలానా తేదిన, ఫలానా గంటనుండి ఫలానా గంటవఱకు, నోటీసులో చెప్పిన సముద్రభాగములోనికి పడవలు పోరాదహో! రాకెట్టు నిలిచినదని ఫోనులో విన్నను పోరాదు. తేది మారినచో మరల టముకు వేయింతుము. ముగిసినట్లు మత్స్యశాఖవారినుండి పంచాయతీకి కబురు వచ్చిన పిదపనే ఆ వైపు వల వేయవలయునహో!"